ఇరవై తొమ్మిది రోజాలు

మార్చి 5, బుధవారం

కొలతల పుస్తకం వెనక పేజీల్లో రాస్తున్నాను. ముందు పేజీల నిండా కాజీపేట ఆడవాళ్ళ నడుములూ భుజాలూ. ఇంట్లో ఎవరూ దీన్ని తెరవరు. అందుకే ఇక్కడ.

ఇవాళ నాలుగో రోజా, అంటే నాలుగో ఉపవాసం. రంజాన్ నెలంటే టైలర్‌కు ఒళ్ళు హూనం. పండుగకు ఇరవై రెండు డ్రెస్సులు ఒప్పుకున్నాను, బుద్ధి లేక.

ఐమన్ రోజా ఉంటూనే కాలేజీకి పోయి వస్తోంది. నా ఒక్కగానొక్క కూతురు, డిగ్రీ సెకండియర్. సాయంత్రం రోజా విడిచే ఇఫ్తార్‌కు ఒక ఖర్జూరం, గ్లాసు నీళ్ళు, అంతే. నా మనుమరాలికి అల్లా ధ్యాసే గాని తిండి ధ్యాస లేదు అని మా అత్తమ్మ లాల్‌బీ గల్లీ అంతా చెప్పుకుంటోంది. వినడానికి నాకూ బాగానే ఉంది.

మార్చి 11, మంగళవారం

ఐమన్ పండుగ డ్రెస్ ట్రయల్. పోయిన పండుగ కొలతలతోనే కత్తిరించాను. ఒంటి మీద సంచిలా వేలాడింది. రెండు పక్కలా లోపలికి పట్టాను. చాలలేదు, మళ్ళీ పట్టాను.

పిన్నులు పెడుతుంటే సంతోషం వేసింది. దాచడమెందుకు, నా పుస్తకమే కదా. నవంబరులో కేసముద్రం నుంచి సోహెల్ వాళ్ళు పిల్లను చూడటానికి వచ్చారు. పత్తి వ్యాపారం, మంచి ఇల్లు. సోహెల్ తల్లి నన్ను పక్కకు పిలిచి, పిల్ల మంచిగుంది గాని జర బొద్దుగుంది వదినా, రంజాన్ అయినంక మళ్ళొస్తం అంది. ఆ సాయంత్రమే ఐమన్‌తో అన్నాను, రాత్రి అన్నం బంద్ చెయ్యి బిడ్డా, తగ్గుతవ్ అని. అన్నది నేనే.

మార్చి 14, శుక్రవారం

మిషన్ మీదే కునికాను. సూది వేలిలో దిగింది.

మార్చి 19, బుధవారం

నాకు ఈ ఐదు రోజులు నమాజు లేదు. మా ఇళ్ళలో ఆడవాళ్ళం నెలసరిని ఇలాగే చెప్పుకుంటాం. ఆ రోజుల్లో రోజా ఉండకూడదు. విడిచిన రోజాలు పండుగ తర్వాత తీర్చుకోవాలి, ఖజా అంటారు. కానీ విడిచినట్టు మగవాళ్ళకు తెలియకూడదు. అందుకని తెల్లవారకముందే తినడానికి అందరితోపాటు లేచి కూర్చుంటాం. పగలు వంటింటి తలుపు చాటున నిలబడి రెండు ముద్దలు మింగుతాం.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళుగా ఇదే నాటకం. మా ఆయన అమ్జద్‌కు తెలియదా? రైల్వే మనిషి, సిగ్నల్ తెలియనివాడేం కాదు. తెలియనట్టు ఉంటాడు. నేను చెప్పనట్టు ఉంటాను.

మార్చి 31, సోమవారం

పండుగ. ఇరవై తొమ్మిదికి ఇరవై తొమ్మిది, ఒక్క రోజా ఇడవలే నా బిడ్డ అని అత్తమ్మ తన వెండి కడియాలు తీసి ఐమన్ చేతులకు తొడిగింది. అవి మోచేతి దాకా జారాయి. అందరూ నవ్వారు. నేను కూడా. ఇరవై తొమ్మిది అన్నది మగవాళ్ళు వినడానికి చెప్పే మాటేలే అనుకున్నాను.

షీర్ ఖుర్మా పాయసం ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని కప్పు నాకిచ్చేసింది. పారబోయడం ఎందుకని నేనే తాగాను.

ఏప్రిల్ 2, బుధవారం

నాకు ఐదు ఖజాలున్నయ్, నీకెన్ని, ఇద్దరం కలిసి తీర్చుకుందాం అని ఐమన్‌ను అడిగాను. నాకేం లేవు అమ్మీ, అన్నీ ఉన్న అంది. పండుగ తర్వాత ఉండే ఆరు రోజాలు కూడా రేపటి నుంచి మొదలు పెడుతుందట.

కత్తెర చేతిలోనే ఉంది. ఆడపిల్లకు నెలంతా ఎట్లా కుదిరింది? గట్టిగా అడిగితే చెప్పింది. డిసెంబరు నుంచి నెలసరి రావడం లేదు. మంచిదే గదా అమ్మీ, ఒక్కటి గూడ ఇడిచే పని లేకపాయె అని నవ్వింది.

ఆ లెక్క చూసి ఇల్లంతా మురిసిపోయాం. ఇంట్లో పిల్లల్ని కన్న ఆడవాళ్ళం ఇద్దరం ఉన్నాం. ఒక్కరికీ తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఏప్రిల్ 4, శుక్రవారం

హన్మకొండలో లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. బరువు చూసి, మిషన్ తప్పేమోనని ఇంకోసారి నిలబెట్టింది. ఏం తింటవమ్మా అంటే ఐమన్ గడగడా చెప్పింది: చపాతీ, గుడ్డు, పాలు. అబద్ధమని నేను అనలేకపోయాను. తినడం చూసుంటే కదా.

గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందట. రోజాలు వెంటనే ఆపాలంది. తిండి అంటే భయపడటం కూడా జబ్బే, దానికి వేరే డాక్టర్ ఉన్నారు, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది అంది.

తిరిగి వస్తుంటే ఆటోలో ఐమన్ అంది, నువ్వు కూసోని తినంగ నేనెప్పుడన్న చూసిన్నా అమ్మీ? అందరు తిన్నంక గిన్నె గీక్కోని తింటవ్. నిన్నేమో మంచి కోడలంటరు, నన్నేమో దవాఖానకు తీస్కపోతున్నవ్ అని.

 బ్రిడ్జి దిగేదాకా బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఏప్రిల్ 5, శనివారం

అత్తమ్మకు చెప్పాను. రోజాలున్న పిల్లకు రోగమేందే, నోరు మూస్కో అంది. అమ్జద్‌తో అనకు, మగోనితోని చెప్పే ముచ్చటేనా ఇది, వచ్చే ఆదివారం కేసముద్రమోళ్ళు వస్తున్నరు, లగ్గమైతే అన్నీ సక్కగైతయ్ అంది.

వాదించే ఓపిక లేదు. సరే అన్నాను.

ఏప్రిల్ 9, బుధవారం

ఆ ఆరు రోజాలు నిన్నటితో అయిపోయినా ఐమన్ ఆపలేదు. బాత్‌రూంలో కళ్ళు తిరిగి పడింది. ఎండకు అని అమ్జద్‌తో చెప్పాను.

ఏప్రిల్ 13, ఆదివారం, సాయంత్రం 6

వచ్చారు. పోయారు.

సోహెల్ తల్లి రాగానే ఐమన్ మణికట్టు పట్టుకుంది. తన రెండు వేళ్ళు చుట్టినా ఇంకా ఖాళీ మిగిలింది. మాషా అల్లా, ఇప్పుడు సరిపోయింది, గిట్లనే ఉండాలె అంది. అత్తమ్మ ఇరవై తొమ్మిది రోజాల కథ ఎత్తుకుంది. అమ్జద్ ముఖం వెలిగిపోతోంది. సోహెల్ ఫోన్ చూసుకుంటున్నాడు. నేను బిర్యానీ వడ్డిస్తున్నాను. ఐమన్ తలుపు పట్టుకుని నిలబడింది. సిగ్గుతో కాదు, పడిపోకుండా. గోళ్ళు నీలంగా ఉన్నాయి.

మే నెలల పెట్టుకుందామా అన్నాడు సోహెల్ తండ్రి.

నా బిడ్డకు డిసెంబరు నుంచి నెలసరి లేదు, అందుకే ఇరవై తొమ్మిది కుదిరినయ్, తిండి తింటలేదు, పాణం మీదికొచ్చింది, లగ్గం గిగ్గం ఏం లేదు అన్నాను. గరిటె చేతిలో పట్టుకునే అన్నాను. మగవాళ్ళ ముందు. ఆ మాట.

సోహెల్ తల్లి చేతిలోని ముద్ద ప్లేట్లో వదిలేసింది. అత్తమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. ప్లేట్లు సగంలో వదిలేసి వెళ్ళారు. అందరి ముంగట నా ఇజ్జత్ తీసినవ్ అని ఐమన్ తలుపేసుకుంది.

 తర్వాత అమ్జద్ వంటింట్లోకి వచ్చాడు. తిడతాడనుకున్నాను. ఏ డాక్టరు, రేపు ఎన్నింటికి పోవాలె అని అడిగాడు. అంతే. ఇరవై రెండేళ్ళు దేనికి భయపడ్డానో ఇప్పుడు గుర్తు రావడం లేదు.

ఏప్రిల్ 16, బుధవారం

కొత్త డాక్టర్ దగ్గరికి రెండుసార్లు పోయాం. ఐమన్ అక్కడా నోరు విప్పలేదు, ఇంట్లోనూ అంతే. నా వైపు చూడదు. చాలా అలసిపోయాను.

ఏప్రిల్ 18, శుక్రవారం

ఐమన్ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నా లగ్గం చెడగొట్టినవ్ గద, ఇగో తింటున్న, చూడు, ఖుషీయేనా అని జొన్నరొట్టె తీసుకుంది. నమిలినంతసేపూ నన్నే గుర్రుగా చూసింది. మొత్తం తింది.

యా అల్లా, నా మీద దాని కోపం తగ్గనీయకు.