గంగమ్మకిచ్చిన ప్రాణాలు

మాండవి దగ్గర, చెరువుగట్టు

ప్రియమైన అమ్మకు,

ఇక్కడ ఫోను పలకదు, అందుకే ఈ ఉత్తరం బస్సు కండక్టరుకు ఇస్తున్నాను.

నా చేపల పరిశోధన గాడి తప్పింది. సాయంత్రాలు ఒడ్డున నాచులో మేసే చిన్న పరక చేపలు నడి చెరువుకు పారిపోయాయి. అక్కడ తిండి దొరకదు, అయినా ఒడ్డుకు రావడం లేదు. కొర్రమట్ట పిల్లలు ఎర్రగా గుంపుకట్టి పైకి తేలితే, తల్లీతండ్రీ కింద కాపలా ఉంటాయి. మొన్న ఒక జంటను చూశాను. కాపలా కాస్తూనే ఉన్నాయి, పైన పిల్లలే లేవు. నాకు ఏడుపొచ్చింది.

నిన్న ఇక్కడి జాలరి ఎంకన్న వలలో మాంగూరు పడింది. అది నిషేధించిన పరదేశపు చేప, గుడ్డునీ పిల్లనీ మింగేస్తుంది. "జల్ది పెరిగే చేపలు ఏద్దమని నిరుడు అన్నది నువ్వే గద!" అని జాలర్ల సంఘం వాళ్లు అతని మీద పడ్డారు. వచ్చే వారం పంచాయితీ. తప్పు తేలితే అతని వల ఇక చెరువులో పడదు, ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. అతని భార్య రఖమాబాయే నాకు అన్నం పెడుతోంది. ఆమె ముఖం చూడలేకపోతున్నాను.

నీ సాయలి

ధర్మాబాద్

చిరంజీవి సాయలికి,

చేపల సంగతి సరే, నువ్వు రోజూ పడవెక్కుతున్నావన్న భయంతో నాకు నిద్ర పట్టదు. నవ్వుతావని ఇన్నాళ్లూ చెప్పలేదు. నిరుటి నుంచి నిన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా, సంతలో కోతకు పెట్టిన చేపలను బతికుండగానే కొని, బిందెలో తెచ్చి ఆ చెరువులో వదిలాను. "గంగమ్మా, ఇన్ని పానాలు నీకిస్తున్న, నా ఒక్క బిడ్డను సల్లగ సూడు" అని మొక్కాను. ఉల్లిపాయ కూడా ముట్టని నేను చేపల బిందె మోశానంటే చూడు! మీసాల నల్ల చేపలు, ఎంత గట్టి ప్రాణమో, నీళ్లు ఒలికిపోయినా చావలేదు.

ఆ ఎంకన్న తగవులో వేలు పెట్టకు.

మీ అమ్మ పరమేశ్వరి

మాండవి

అమ్మా,

ఆ మీసాల చేపలే మాంగూరు.

నువ్వు తెలియక చేశావు, ఒప్పుకుంటాను. అయినా కోపం ఆగడం లేదు. వాటన్నిటినీ పట్టి చంపకపోతే ఈ చెరువులో మరో జాతి మిగలదు. నీ పేరు చెబితే నాన్న దుకాణం ముందు బజారంతా నవ్వుతుంది. చెప్పకపోతే ఎంకన్న బతుకు పోతుంది. రేపు నాందేడ్‌లో మత్స్యశాఖ ఆఫీసుకు పోయి, పంచాయితీ నాటికి తిరిగొస్తాను. అప్పటికి నువ్వు మాట్లాడకపోతే నేనే లేచి చెబుతాను. నన్ను తిట్టుకో.

సాయలి

మాండవి, రఖమాబాయి ఇల్లు

నా బిడ్డ సాయలికి,

నువ్వు నాందేడ్ నుంచి వచ్చాక ఇమ్మని ఇది రఖమాబాయి చేతిలో పెట్టి పోతున్నాను. ఇప్పుడు నిన్ను చూస్తే మాట పెగలదు.

పంచాయితీ దాకా ఆగలేకపోయాను. సంఘం పెద్ద సీతారాం ఇంటి ముందు నిలబడి, "ఎంకన్నకు ఏం ఎర్క లేదు, చేపలిడిసింది నేనే" అన్నాను. ఆడవాళ్లు తిట్టారు, పడ్డాను. ఎంకన్న మాత్రం, "పుణ్యానికి పోతె పాపం ఎదురైంది. ఇగ ఏడిస్తె ఏమొస్తది? వల పట్టమ్మా" అన్నాడు.

పట్టాను. మోకాలి లోతు నీళ్లలో రఖమాబాయి పక్కన తాడు లాగాను. ఒడ్డున వాటిని కర్రతో కొడుతుంటే తల తిప్పుకున్నాను. "ఇటు సూడు, నువ్వు తెచ్చినయే గద" అంది. చూశాను. నాచులో ఇంకా ఉన్నాయట. అవి అయిపోయేదాకా వల లాగడానికి వస్తానని మాటిచ్చాను.

నీకోసం గంగమ్మకిచ్చిన ప్రాణాలను నా చేతులతోనే వెనక్కి లాగాను. ఇక ఆమెను ఏమడగడానికీ నాకు ముఖం లేదు. భయంతో చచ్చిపోతున్నాను బిడ్డా. ఈత నేర్చుకో. రఖమాబాయి నేర్పుతానంది.

మీ అమ్మ