ఎర్తు గుంత అమ్మవారిని తిరిగి విధుల్లోకి తీసుకొనుట గురించి

చూలై, చెన్నై.

సహాయ ఇంజనీరు (విద్యుత్తు) గారి సముఖమునకు,
అద్దె క్వార్టర్ల నిర్వహణ కార్యాలయం.

అయ్యా,

విషయం: పిడుగు ధాటికి మెషీన్లు కాలకుండా కాపాడు సర్జ్ పెట్టె ఎంపికలో అర్జీదారునకు కలిగిన చిక్కు – ఎర్తు గుంతపై తమ శాఖ వేసిన సిమెంటు తొలగింపు – కోరుట గురించి.

సూచిక: "అద్దెదారులు తగిన సర్జ్ రక్షణ పరికరమును తామే ఎంచుకొని అమర్చుకొనవలెను" అను తమ సర్క్యులరు.

తమరు నెల్లూరు వైపు వారని వాచ్‌మన్ చెప్పగా ఈ అర్జీని తెలుగులో సమర్పించుకొనుచున్నాను. తమిళంలో ఇచ్చిన రెండు అర్జీలకూ జవాబు రాలేదు గనుక లోపం భాషదే అయి ఉండునని నా వినయపూర్వకమైన ఊహ.

1. పోయిన నెల గాలివానలో మా బ్లాకు పక్కన పిడుగు పడినది. కింది ఇంటి సెలీనా గారి కుట్టుమెషీను, పక్కింటి గోవిందస్వామి గారి టీవీ, నా భార్య రాజలక్ష్మి ఆక్సిజన్ మెషీను ఒక్క దెబ్బకు కాలిపోయినవి. మొదటి రెండూ లేకున్నా మనిషి బతకవచ్చును. నా భార్య ఊపిరితిత్తులు మాత్రం తమ సర్క్యులరు చదువుకోలేదు. ప్రస్తుతం అద్దెకు తెచ్చిన మెషీనుతో ఊపిరి పీల్చుకొనుచున్నది.

2. తమ ఆజ్ఞ శిరసావహించి పరికరము ఎంచుకొనుటకు ఎలక్ట్రికల్ షాపునకు వెళ్ళితిని. షాపు యజమాని సతీష్ మూడు రకములు చూపెను. నేరుగా పడు పిడుగును తట్టుకొనునది, ఇంటి బోర్డులో బిగించునది, ప్లగ్గు వద్ద పెట్టునది. చీరల కొట్టులో వలె అటూ ఇటూ తిప్పి చూచి మధ్యదానిని ఎంచితిని. అతడు దానిని చేతికీయక అడిగెను:

"ఎర్తు ఉండాదా సార్ మీ ఆడ?"

"గోడలో పచ్చ తీగ ఉందయ్యా."

"తీగ ఉంటే చాలదు సార్. ఈ పెట్టె కరెంటును మింగేది కాదు, నేలలోకి తోసేది. నేల పుచ్చుకోకపోతే దీన్ని గోడకు అలంకారంగా పెట్టుకోవాల్సిందే."

పాపం, తానే వచ్చి పెట్టె బిగించి, మీటరు పెట్టి చూచెను. మా బ్లాకు ఎర్తు చచ్చినదని తేలెను. చచ్చినది అను మాట అతడిది, శాఖాపరమైన మాట తమకే తెలియవలెను.

3. చావునకు కారణం మనవి చేయుచున్నాను. మెట్ల పక్కన ఇటుకల గట్టుతో, నడుమ ఇనుప గొట్టంతో ఉన్న గుంతయే మా ఎర్తు. కింది వాటాలో పూలు కట్టి అమ్ముకొను పచ్చయమ్మ దానిని అమ్మవారనుకొని గొట్టమునకు పసుపు పూసి, రోజూ బిందెడు నీళ్ళు పోసి, మొక్కున్నప్పుడల్లా ఉప్పూ మిరియాలూ వేసెడిది. బ్లాకులో సగంమందికి అదే అలవాటైనది. ఉప్పూ నీళ్ళూ తగులుటచే గుంత ఏనాడూ ఎండలేదు; తడి నేలయే కరెంటును పుచ్చుకొనునని సతీష్ మాట. ఆ పని తమ శాఖ చేయవలసినదట. పచ్చయమ్మ జీతమడగక చేసినది. తమరు ఎండాకాలంలో తనిఖీకి వచ్చి, "అనుమతి లేని ఆరాధనా స్థలము" అని రాసి, గుంతను సిమెంటుతో పూడ్పించితిరి. ఆనాడు పచ్చయమ్మ తమ మేస్త్రీ చెయ్యి పట్టుకుంది. "మూయబాకండి సామీ, అమ్మోరికి ఊపిరాడదు!" అని మొత్తుకుంది. ఆ సంగతి తమ నివేదికలో ఉండకపోవచ్చును.

4. ఇప్పుడు ఆకాశం ఉరిమితే మా ఇంట్లో ఏమి జరుగునో కూడా చిత్తగించండి. ఈ మెషీనూ కాలిపోతే ఇంకొకటి దొరకదని ప్లగ్గు పీకేస్తాను. "తీసేయండి, నేను తట్టుకుంటాలే" అంటుంది ఆమె. మంచం పట్టె పట్టుకుని, నోరు తెరిచి, నా ముఖంలోకే చూస్తూ కూర్చుంటుంది. పెదాలు నల్లబడతాయి. నాకు భయమేస్తుందండీ. ఇలా రాయడం అర్జీ పద్ధతి కాదని తెలుసు. నేనూ గుమాస్తాగా రిటైరైనవాణ్ణే.

కావున తమరు దయతో సిమెంటు తొలగించి, సదరు అమ్మవారిని తిరిగి విధుల్లోకి తీసుకొని, సస్పెన్షన్ కాలమును కూడా సర్వీసుగా పరిగణించవలెను. అది వీలుకాని పక్షమున, ఉరుము వేళ మెషీనును కాపాడుకొనవలెనో మనిషిని కాపాడుకొనవలెనో తమరే ఎంపిక చేసి, సంతకము, ముద్రతో తెలియజేయవలెను. వర్షాకాలము ఎవరి సంతకము కొరకూ ఆగదని చిత్తగించవలెను.

ఉరుము లేని వేళల్లో
తమ విధేయుడు,
శేషాచలం

తా.క.: కవరు అంటించేలోపే ఉరిమింది. ప్లగ్గు పీకాను. ఆమె ముఖం చూడలేక కిందికి దిగి, వాచ్‌మన్ గడ్డపార లాక్కుని, తమ సిమెంటు పగలగొట్టేశాను. పచ్చయమ్మ బిందె మీద బిందె పోసింది, సెలీనా గారు వంటింట్లో ఉప్పంతా తెచ్చి కుమ్మరించారు. ఫోను చేస్తే సతీష్ పరుగున వచ్చి మీటరు పెట్టి చూసి, "వచ్చేసింది సార్ ఎర్తు!" అని అరిచాడు. పైకెళ్ళి ప్లగ్గు పెట్టాను. మళ్ళీ ఉరిమింది. నా చెయ్యి ప్లగ్గు మీదికి పోతే ఆమె పట్టుకుంది. "ఉండనీండి" అంది.

కాబట్టి ఈ అర్జీ మీద చర్య అక్కర్లేదు, నా మీద తీసుకోండి. వచ్చేటప్పుడు చెప్పులు మాత్రం గేటు దగ్గరే విడవండి. పచ్చయమ్మ ఊరుకోదు, నేనూ ఊరుకోను.