మేనమామ బుట్ట, అమైనో పొడి

ఫిబ్రవరి 2
అక్క కూతురు కీర్తన పెళ్ళి ఈ 22న, బాపట్లలో. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోయాల్సిన ఏకైక మేనమామను నేను. ప్రాక్టీసుకని బియ్యం బస్తా ఎత్తబోతే నడుం కలుక్కుమంది.

"మా తమ్ముడు మధుసూదన్ని పిలవమంటారా?" అంది మా ఆవిడ సరోజిని.

ప్రాణం పోయినా సరే, ఆ బుట్ట నేనే ఎత్తాలి! తెనాలి వెళ్ళి కండలు పెంచే అమైనో ఆమ్లాల పొడి తెచ్చాను. పరగడుపున ఒక చెంచా. ఆ తర్వాత బస్కీలు. పెసరట్టు ఉప్మా బంద్.

ఫిబ్రవరి 4
అద్భుతం! అప్పుడే చొక్కా భుజాల దగ్గర బిగుతైంది. ఉతికితే కుంచించుకుపోయిందని సరోజిని అంటోంది. ఓర్వలేనితనం.

ఫిబ్రవరి 8
బాగా మంచు. బస్కీలు రేపు. పొడి మాత్రం తాగాను, మాటంటే మాటే.

ఫిబ్రవరి 11
మొక్కజొన్నకి యూరియా చల్లించాను. గట్టు మీదే బుర్ర వెలిగింది. పైరు ఏపుగా రాకపోతే ఇంకాస్త చల్లుతాం కదా, ఒంటికీ అంతే! ఇకనుంచి మూడు చెంచాలు. బస్కీలెందుకు, మొక్కజొన్న తీస్తోందా?
పెసరట్టు ఉప్మా తిన్నాను. పొడికి తోడుగా.

ఫిబ్రవరి 15
కీర్తన ఫోన్ చేసింది. వడ్లమూడిలో ఫార్మసీ చదివిన పిల్ల కదా అని నా మూడు చెంచాల సంగతి గొప్పగా చెప్పాను. కొంత పేగులే వాడేసుకుంటాయట. కాలేయం తన వాటా తీసుకుంటుందట. పని చెప్పకపోతే కండ పెరగదట.

"మిగిలింది దాచుకోడానికి ఒంట్లో గాదె లేదు మావయ్యా. కాలేయం అందులోని నత్రజనిని యూరియాగా మార్చేస్తుంది. అది మూత్రంలో పోతుంది."

అంటే ఇన్నాళ్ళూ నేను ఎరువు తయారుచేస్తున్నానన్నమాట! ఫ్యాక్టరీకి సబ్సిడీ ఇస్తారేమో కనుక్కోవాలి.

ఫిబ్రవరి 19
బస్కీలు తీద్దామని కూర్చున్నాను. సరోజిని వచ్చి లేపింది.

ఫిబ్రవరి 23
నిన్న బుట్ట జానెడు లేచింది. అంతే, నడుం పట్టేసింది. మధుసూదన్ చొక్కా చేతులు మడుచుకుంటూ ముందుకొచ్చాడు. కీర్తన చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరొద్దండి. మా మావయ్య తీసుకెళ్తాడు."

బుట్టలోంచి దిగి, నా చెయ్యి పట్టుకుని మండపం దాకా నడిచింది. ఖాళీ బుట్ట నా నెత్తిన. జనం ఒకటే నవ్వు. నేను మాత్రం సిగ్గులేకుండా ఏడ్చాను.

ఫిబ్రవరి 25
రేపల్లె నుంచి చెల్లెలి ఫోన్. వాళ్ళ మేధకి సంబంధం కుదిరిందట, వైశాఖంలో పెళ్ళి. మేధ కీర్తన కంటే జానెడు పొడుగు, ఆ మేరకు బరువు.
రేపట్నుంచి బస్కీలే. పొడి జోలికి పోను.
సగం డబ్బా ఉంది, పారేస్తే పాపం. అది అయిపోగానే మొదలు.