చచ్చిన కణాల్లో పెరిగే చుట్టలు

టొంగ్‌యొంగ్,
1993 నవంబరు 4

ప్రియమైన మల్‌రే అక్కకు,

మీరు ఇరవై ఏళ్లు పనిచేసిన ల్యాబులో, మీ బల్ల దగ్గరే కూర్చుని రాస్తున్నాను. నాకు పిచ్చెక్కేలా ఉంది. మీరు గ్లూటరాల్డిహైడ్ మందులో ఉంచి, చెడకుండా బిగించిన ఆల్చిప్ప మొప్పల్లోనే కదా, ప్రొఫెసర్‌గారు మైక్రోస్కోపులో చూసి, కణాల్లో ఆ పొరచుట్టలు కనిపెట్టింది? నా థీసిస్ అంతా వాటిమీదే. పూసాన్‌లో ఎవరో అవే మొప్పల్ని మందు లేకుండా, రెప్పపాటులో గడ్డకట్టించి చూశారట. ఒక్క చుట్ట కూడా లేదు! "గడ్డకట్టిస్తే చితికిపోయుంటాయిలే" అంటారు సారు. వాళ్ల ఫోటోల్లో ఏదీ చితకలేదక్కా. ఎవరి కళ్లను నమ్మను? మార్చిలో థీసిస్ ఇవ్వాలి.

మీ సొన్‌హ్వా

జిన్‌జు,
నవంబరు 17

సొన్‌హ్వా తల్లీ,

చలికాలానికి కిమ్చీ పచ్చడి జాడీలు నింపే హడావిడిలో ఆలస్యమైంది. ఒకే మొప్పను మూడు ముక్కలు చెయ్యి. ఒకటి ఐదు నిమిషాలు, ఒకటి అరగంట, ఒకటి రెండు గంటలు ఆ మందులో ఉంచు. చుట్టలు లెక్కపెట్టు. ఎందుకని అడక్కు.

నీ అక్క

టొంగ్‌యొంగ్,
డిసెంబరు 9

అక్కా,

ఐదు నిమిషాల ముక్కలో నాలుగు. అరగంటకి పంతొమ్మిది. రెండు గంటలకి అరవై మూడు! మందు పడగానే కణం చస్తుంది కదా, మరి చచ్చినదాంట్లో ఇవెలా పెరుగుతున్నాయి? సారుకి చూపించాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. వారమైంది, మాట్లాడటం లేదు. నేను తప్పు చేశానా? మీకిది ముందే తెలుసా?

సొన్‌హ్వా

జిన్‌జు,
డిసెంబరు 15

నా చెల్లికి,

తెలుసు. పద్నాలుగేళ్ల కిందట నేనూ లెక్కపెట్టాను. ఆ మందు మాంసకృత్తుల్ని ఒకదానికొకటి కుట్టేస్తుంది గానీ కొవ్వు పొరల్ని పట్టుకోలేదు. పట్టు లేని పొరలు జారి చుట్టలు చుట్టుకుంటాయి. చెబితే సారు, "నువ్వు చేతులతో పని చెయ్యి, తలతో కాదు" అన్నారు. నోరు మూసుకున్నాను. అది భయమో గౌరవమో ఇప్పటికీ తేల్చుకోలేను.

నిన్న ఆయన మా ఇంటికొచ్చారు. బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "ఆ రోజు ఎన్ని లెక్కపెట్టావు?" అన్నారు. నా పాత ల్యాబు లెక్కల పుస్తకం తెచ్చిచ్చాను. ఆ పేజీ తీసి చూసి, "ఆ అమ్మాయిని థీసిస్ పేరు మార్చుకోమను. ఈ చుట్టలు ఎలా పుడతాయో, అదే రాయమను. మొదటి పట్టికగా నీ ఈ లెక్కనే నీ పేరు మీద వేయాలి. చుట్టల మీద నేనచ్చేసిన వ్యాసం తప్పని నేను రాస్తాను" అన్నారు.

అన్నం పెడితే మెతుకు మిగల్చకుండా తిని వెళ్లారు. గిన్నెలు కడుగుతూ ఏడ్చాను. ఎందుకని మాత్రం అడక్కు, నాకే తెలియదు.

ఆ పట్టికలో నా ఇంటిపేరు 'సొ' అని సరిగ్గా రాయి.

సొ మల్‌రే