నాలుగో ట్యాంకు

బాబాయ్‌కి,

ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తారని ఉత్తరం రాస్తున్నాను. మూతపడిన మీ మిల్లులో నాలుగో ట్యాంకు దొరికింది. మీరు చెప్పినట్టే క్యాంటీన్ గచ్చు కింద ఉంది.

ప్లానులో మూడే ఉన్నాయి. వాటిలోని పాత నూనె తోడేశాక మా ఆఫీసరు, "ఇక సామాను సర్దేయండమ్మా" అన్నారు. అప్పటికే క్యాంటీన్ గచ్చులోకి దిగి మళ్లీ పైకి రాని పైపు ఒకటి నా కంట పడింది.

"మా బాబాయి ఇక్కడ ఇరవై ఏళ్లు ఫిట్టరుగా చేశాడు సార్. నాలుగున్నాయంటే నాలుగుంటాయి. ఒక్క రోజివ్వండి" అన్నాను. ఆయన నవ్వి, ఒక్క రోజే ఇచ్చారు.

మధ్యాహ్నానికల్లా ఇనప మూత బయటపడింది. లోపల నిండుగా నూనె. నది వైపు మట్టి తీసి చూస్తే రేకు తుప్పు పట్టి, వేలితో నొక్కితే చిల్లు పడేలా ఉంది. అక్కడి నుంచి నది నీళ్లకు నలభై అడుగుల దూరం కూడా లేదు. వానలకు వారమే గడువు. మూడు రోజులు పంపులు ఆపకుండా నడిపించాను. నిన్నటికి ట్యాంకు ఖాళీ అయింది. ఒక్క చుక్క కూడా నదిలో కలవలేదు.

నాలుగో ట్యాంకు ఉందని మీరు అర్జీ మీద అర్జీ పెడుతుంటే ఇంట్లో అందరం చాదస్తం అన్నాం. నేనైతే మీకు వినబడేలాగే అన్నాను. తప్పు నాదే.

మిగతా పైపులు ఎటు పోయాయో మీకే తెలుసు. సోమవారం పొద్దున్నే జీపు పంపుతున్నాను. పిన్ని ఒంటరిగా పంపనంటే తననూ తీసుకురండి. మీరు కుర్చీలో కూర్చుని చెయ్యి చూపించండి చాలు. ఎక్కడ చూపిస్తే అక్కడ తవ్వుతాను, ఎందుకని అడగను.

మీ అన్నగారి అమ్మాయి