గోపన్న పేరున చలివేంద్రం

ఏప్రిల్ 19, 2021. సోమవారం

శివాని ఇంటికి వచ్చింది. మా ఊరి సచివాలయం నర్సు, ఏఎన్ఎం. టీకా కోసం బడి దగ్గర క్యూలో నిలబడిన ముసలివాళ్ళు ఎండకు పడిపోతున్నారట. కరోనా భయంతో ఒకరి గ్లాసు ఒకరు ముట్టుకోవడం లేదు. పోయిన ఏటి నుంచి ఊళ్ళో చలివేంద్రం కూడా లేదు. దూరం నుంచి దోసిట్లో పోసే మనిషి కావాల, నువ్వైతే ఓపికగా పోస్తావు పెద్దమ్మా అని అడిగింది.

పోస్తానన్నాను. ఎక్కడ పెట్టాలో మాత్రం నేనే చెబుతానన్నాను.

బడికి పోయే దారిలో, బస్టాండులో, వీరభద్ర ఎరువుల అంగడికి ఎదురుగా.

ఆ పిల్ల ఒకసారి నా మొహం చూసి సరేనంది.

ఏప్రిల్ 20

సుంకులమ్మ తల్లికి దీపం పెట్టి ఉన్నమాట చెప్పాను. ఇది పుణ్యం కోసం కాదు తల్లీ అని.

ఏప్రిల్ 23. శుక్రవారం

పందిరి వేశాం. కుండల కింద ఇసుక పోసి తడిపాను. పైన బోర్డు కట్టించాను. ‘గోపన్న జ్ఞాపకార్థం’. అక్షరాలు పెద్దవిగా, ఎర్రగా రాయమన్నాను. రోడ్డుకు అవతలి నుంచి చదవాలి కదా.

వీరభద్ర అంగడి మెట్ల మీదికి వచ్చి, మంచి పని చేస్తాండావు మహాదేవమ్మా, గోపన్న యాడున్నా సల్లగుంటాడు అన్నాడు. మీ దయ అప్పా అన్నాను. బయట అప్పా అంటాను. ఈ పుస్తకంలో వాడు.

పోయిన ఏడు రోహిణి కార్తెలో మా ఊరికి ఇంకా బస్సులు మొదలు కాలేదు. నా బీపీ మాత్రల కోసం మా ఆయన గోపన్న సైకిల్ మీద కర్నూలు పోయాడు. తిరిగి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. అప్పుడు ఇదే చోట వీరభద్ర చలివేంద్రం ఉండేది, వాడి ఫోటోతో. గోపన్న సైకిల్ దిగి దోసిలి పట్టాడు. వాడు కొత్తగా కొన్న, జ్వరం చూసే థర్మల్ గన్ తెచ్చి నుదుటికి పెట్టాడు. ఎర్ర లైటు, కూత. అంత దూరం ఎండలో వచ్చిన మనిషి నుదురు కాలకుండా ఉంటుందా? వాడు అదేమీ ఆలోచించలేదు. కర్నూలు నుంచి కరోనా తెచ్చినాడు, ఎవురూ దగ్గరికి పోవాకండి అని అరిచాడు. గోపన్న చెయ్యి తగిలిందని నిండు కుండలు నేల మీద దొర్లించాడు.

మా ఆయన ఆ తడి మట్టి మీదే పడుకుని చనిపోయాడు. కబురు తెలిసి నేను పరుగెత్తుకుంటూ పోయేసరికి నన్నూ ఆపారు. సంచీలో చుట్టి తీసుకుపోయారు. మొహం చూపించలేదు. తర్వాత రిపోర్టు వచ్చింది. నెగిటివ్. వడదెబ్బ.

దోసిట్లో పోయడానికి ముట్టుకోనక్కర్లేదు. పైనుంచి పోస్తే చాలు. ఎవరికి తెలియదు ఈ సంగతి?

మే 7

కర్ఫ్యూ. పన్నెండు దాటితే అంగళ్ళు మూయాలి. పొద్దునంతా మాత్రం జనం వస్తూనే ఉన్నారు. పొడుగు కాడ గరిటెతో పోస్తున్నాను. తిమ్మయ్య మామ తాగి మూతి తుడుచుకుని, మహాదేవి చేత్తో పోస్తే కరోనా గూడా సల్లబడి ఇంటికి పోతాది, ఈ పిల్లకు కోపమనేది యాడుండాదిరా అని నవ్వించాడు. నేనూ నవ్వాను. మాస్కు ఉండడం మేలు. పళ్ళు కొరుకుతున్నా ఎవరికీ కనబడదు.

రోడ్డుకు అవతల వాడు కుర్చీ తిప్పి వేసుకున్నాడు, బోర్డు వైపు వీపు పెట్టి.

మే 8

పందిరి గుంజకు అదే పేరుతో ఇంకో బోర్డు కట్టించాను. వాడు ఇంటికి పోయే దారి వైపు.

మే 13

శివాని వడదెబ్బ గుర్తులు చెప్పింది. ఒళ్ళు కాలిపోతుంది, మాట తడబడుతుంది, చాలామందికి చెమట ఆగిపోతుంది. అట్లాంటప్పుడు మొదట ఒంటి మీద నీళ్ళు కుమ్మరించాల పెద్దమ్మా, స్పృహ లేకుంటే తాగించొద్దు, ఒక్క నిమిషం గూడా చూస్తా ఉండొద్దు అంది. బుద్ధిగా విన్నాను.

మే 18

వాడికి ఏమీ కాలేదు. తల్లీ, వినపడడం లేదా?

మే 26. బుధవారం. సాయంత్రం

జరిగింది జరిగినట్టే రాస్తాను.

పన్నెండు దాటింది. రోడ్డు మీద పురుగు లేదు. నేను ఒక్కదాన్నే రేపటికి కుండలు కడిగి నింపుతున్నాను. హమాలీలు కరోనా భయానికి రావడం లేదని వాడు షట్టర్ సగం దించి, రేకుల షెడ్డులో తానే మూటలు సర్దుకుంటున్నాడు. ఉన్నట్టుండి బయటికి వచ్చాడు. తాగినవాడిలా నడిచి, రోడ్డు దాటి, నా పందిరి ముందు కూలబడ్డాడు. మొహం ఎర్రగా ఉంది. ఒక్క చుక్క చెమట లేదు. దోసిలి పట్టాడు.

శివాని చెప్పినవన్నీ గుర్తున్నాయి.

చంకలోని నిండు కుండ దించలేదు. వాడి అంగట్లోకి పోయాను. థర్మల్ గన్ ఇంకా గోడ మేకుకు వేలాడుతోంది. తెచ్చి వాడి నుదుటికి పెట్టాను. ఎర్ర లైటు, కూత. కరోనా ఏమో వీరభద్రప్పా అన్నాను. నా గొంతు ఎప్పటిలాగే మెల్లగా వచ్చింది.

నీళ్ళు మహాదేవమ్మా, నీళ్ళు అన్నాడు. బోర్డు చూపించాను. ఎవరి పేరుందో చదువప్పా, పోస్తాను అన్నాను. వాడి కళ్ళు నిలవడం లేదు. గో అన్నాడు. ఆగాడు. నేనూ ఆగాను. కుండ నా చంకలోనే ఉంది. చల్లగా తగులుతోంది. మళ్ళీ మొదటి నుంచి చదవమన్నాను.

చివరికి అన్నాడు. గోపన్నా అని. అని పక్కకు ఒరిగాడు.

అప్పుడు పోశాను. తల మీద, ఛాతీ మీద, ఉన్న కుండలన్నీ. శివానికి, 108కి ఫోన్ చేశాను. వచ్చినవాళ్ళంతా నన్ను మెచ్చుకున్నారు. మొగుణ్ణి పోగొట్టుకున్నా ఎంత మనసు ఈయమ్మది అని తిమ్మయ్య మామ కళ్ళు తుడుచుకున్నాడు.

జూన్ 4

వాడిని కర్నూలు ఆస్పత్రి నుంచి తెచ్చారు. టెస్టు నెగిటివ్. మాట పోయింది. వేడి తలకెక్కి శానాసేపు ఉండిపోయిందని డాక్టర్లు చెప్పారట. ఎంతసేపని శివాని నన్ను అడగలేదు. కానీ రెండు రోజులుగా పందిరి వైపు రావడం లేదు.

తల్లీ, ఇది నువ్విచ్చావా, నేను లాక్కున్నానా?

ఏదైనా సరే. ఈ రాత్రి కడుపునిండా తిన్నాను.

జూన్ 11

వీరభద్ర పెళ్ళాం రామలక్ష్మమ్మ చెంబు పట్టుకుని వచ్చింది. ఆయనకు నీళ్ళు అనే మాట రావడం లేదట. దప్పికైతే గోపన్నా, గోపన్నా అని పిలుస్తాడట. వేరే మాటే లేదట. ఎందుకక్కా అని అడిగింది.

చెంబు నింపి ఇచ్చాను.

ఈ రాత్రి సుంకులమ్మ తల్లికి దీపం పెట్టలేదు.