ఇంటి పెద్ద ఎవరన్న ప్రశ్నకు నేనిచ్చిన తప్పు జవాబు

తేదీ: 11 ఆగస్టు 2020

రాష్ట్ర నిరుద్యోగ భృతి అప్పీళ్ళ విచారణాధికారి గారి సముఖమునకు,

కీర్తిశేషులు సో తామ్లా భార్య నో దాకూ, వయసు ఇరవై ఆరు, మాంసం ఫ్యాక్టరీ వెనక వీధి, రెండో అంతస్తు, వ్రాసుకున్న అర్జీ.

విషయం: కోవిడ్ నిరుద్యోగ భృతికి నేను అర్హురాలిని కానని జూలై 28న ఇచ్చిన ఉత్తర్వును పునఃపరిశీలించుట గురించి.

అయ్యా,

తమరు ఆడవారో మగవారో ఉత్తర్వులో లేదు. సంతకం చోట ఒక నంబరు మాత్రమే ఉంది. ఆడవారైతే మన్నించండి. మేము కరెన్ వాళ్ళం. బర్మా నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకు థాయిలాండ్ సరిహద్దులో వేసిన శిబిరంలో పెరిగి, ఆరేళ్ళ కిందట ఈ దేశం వచ్చాము. నేను శిబిరం బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. ఈ అర్జీని మా భాషలో రాస్తున్నాను. మా చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పే టీచరమ్మ నో శేగే దీన్ని ఇంగ్లీషులోకి మారుస్తారు. అక్కర్లేని సంగతులు తీసేస్తానన్నారు. తీయవద్దని బతిమాలాను. ఏది అక్కరో ఏది కాదో నాకు తెలియదు. తెలిసి ఉంటే ఈ తప్పు జరిగేదే కాదు.

1. నా మొదటి దరఖాస్తు జూన్ నెలలో తిరస్కరించబడినది. ‘దరఖాస్తుదారుకు పూర్వపు ఉద్యోగం లేదు’ అని కారణం చూపబడినది. అది నిజమే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఇంతకుముందు ఎక్కడెక్కడ పనిచేశారో రాయమని ఫారంలో ఆరు గీతలు ఇచ్చారు. ఆరూ ఖాళీగా వదిలేశాను. మా అమ్మకు చూపు సరిగా ఆనదు, పాప ఎకూ చిన్నది. పాపకు మూడేళ్ళు నిండాక నన్నూ ఫ్యాక్టరీలో చేర్పిస్తానని మా ఆయన అనేవారు. నవంబరులో నిండుతాయి.

2. తరువాత టీచరమ్మ కనుక్కుని, ఎన్నడూ ఉద్యోగం చెయ్యనివారికి కూడా ఒక దారి ఉందని చెప్పారు. ఇంటి పెద్ద ఈ జబ్బుతో చనిపోయి, ఇంటి భారం మీద పడినవారు అర్హులని నియమంలో ఉందట. నా భర్త మే 2న ఈ జబ్బుతోనే చనిపోయారు. ధ్రువపత్రం నకలు జతచేయడమైనది. ఆయన ఫ్యాక్టరీలో కత్తి పట్టుకుని లైనులో నిలబడి మాంసం కోసేవారు. జ్వరం వచ్చిన రోజు నేను నుదురు పట్టి చూశాను.

"ఒళ్ళు కాలిపోతోంది. ఈ పూటకి మానెయ్యరాదూ?"

"మానేస్తే నా చోట ఎవరు కోస్తారు? పక్కవాడికి రెండే చేతులు" అన్నారు. "అమ్మకి చెప్పకు. కంగారు పడుతుంది."

చెప్పలేదు. అది నా మొదటి తప్పు. అయితే దానికీ ఈ భృతికీ సంబంధం లేదని టీచరమ్మ అంటున్నారు.

3. జూలై 9న తమ కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. అధికారి ఇంగ్లీషులో అడిగితే, వేరే ఊరి నుంచి ఒకావిడ మా భాషలో చెప్పేది. నేను కొత్తవాళ్ళతో మాట్లాడలేను. ఇంట్లో కూడా నా గొంతు పక్కగదికి వినబడదు. రెండు సార్లు "గట్టిగా చెప్పమ్మా" అంది. అప్పుడు ఈ ప్రశ్న వచ్చింది.

"మీ ఇంటి పెద్ద ఎవరు?"

"మా అమ్మ."

"మీ ఇంటి పెద్ద కోవిడ్‌తో చనిపోయారా?"

"అయ్యయ్యో, లేదండీ! ఇక్కడే ఉంది. వక్క నములుతోంది."

ఆవిడ అధికారితో ఇంగ్లీషులో ఏదో మాట్లాడింది. తరువాత ఆవిడ నెమ్మదిగా అంది: "అమ్మాయీ, ఇంకోసారి అడగమని ఆయన్ని నేనే అడిగాను. బాగా ఆలోచించుకుని చెప్పు. నేను సలహాలివ్వకూడదు, ఇస్తే నా పని పోతుంది."

మళ్ళీ అదే ప్రశ్న. వెనక నుంచి అమ్మ "ఏంటంటా?" అంది.

"నువ్వు చచ్చిపోయావా అని అడుగుతున్నారే."

"ఇంకా లేదని చెప్పు."

"లేదండీ" అన్నాను. ఈసారి ఎవరూ చెప్పకుండానే గట్టిగా చెప్పాను. రెండు నెలలుగా ఎవరు ఫోను చేసినా పోయిన మనిషి గురించే చెప్పవలసి వచ్చింది. ఉన్న మనిషి గురించి చెప్పడం ఆ పూట నాకు సంతోషమైంది. ఆ సంతోషమే ఉత్తర్వులో ‘ఇంటి పెద్ద మరణించినట్లు దరఖాస్తుదారు ధ్రువీకరించలేదు’ అని వచ్చింది.

4. నేను అబద్ధం చెప్పలేదని తమరికి విన్నవించుకుంటున్నాను. మాలో పెళ్ళయ్యాక మగవాడు అత్తగారింటికి వస్తాడు. ఇల్లు ఆ పెద్దావిడది. మా అమ్మమ్మ కాలంలో, కొండమీద ఊళ్ళో, ఇంటావిడ చనిపోతే ఇల్లు విప్పేసేవారు. మగవాడు చనిపోతే ఇల్లు అలాగే ఉండేది. మేము చర్చికి వెళ్ళేవాళ్ళమైనా ఆ లెక్క మాత్రం మా నుంచి పోలేదు. నా భర్త ఇరవై ఏళ్ళ వయసులో ఒక దుప్పటి, ఒక కొడవలి పట్టుకుని శిబిరంలో మా అమ్మ ఇంటికి వచ్చారు. ఎనిమిదేళ్ళు ఉన్నారు. అమ్మ ముద్ద ఎత్తనిదే కంచం ముట్టుకునేవారు కాదు. అత్తా అల్లుడూ ఎదురెదురుగా మాట్లాడుకోరు కనుక, ఒకే గదిలో ఉండి కూడా మాటలు నా ద్వారా నడిచేవి.

"ఎకూ వాళ్ళ నాన్నకి చెప్పు, ఆ బూట్లు గుమ్మం బయటే విడవమని. కంపు."

"అమ్మకి చెప్పు, విడిచానని. కంపు కాళ్ళది, వాటిని విడవడం కుదరదు."

అమ్మ మొహం తిప్పుకుని నవ్వేది. నవ్వినట్టు ఆయనకి చెప్పవద్దని నాకు సైగ చేసేది.

ఇక్కడ అద్దె ఒప్పందం మీద, కరెంటు బిల్లు మీద ఆయన పేరుంది. నకళ్ళు జతచేశాను. ఆ పేరు చూసి అమ్మ రెండు రోజులు అలిగింది. సంపాదించేవాడి పేరే రాస్తారని ఆయన నాతో చెప్పించాక ఊరుకుంది. మాలో ఇంటిపేర్లు ఉండవు. పేరు ముందు ‘సో’ అంటే మగవారని, ‘నో’ అంటే ఆడవారని, అంతే. మా నలుగురికీ నాలుగు వేరువేరు పేర్లున్నాయని తమరు అనుమానించవద్దు. శిబిరం కమిటీ ఇచ్చిన పెళ్ళి కాగితం కూడా పెట్టాను.

5. బిల్డింగు ఓనరు తలుపుకు నోటీసు అంటించారు. ఈ నెలాఖరులోగా ఖాళీ చెయ్యాలి. నేను పనికి సిద్ధంగా ఉన్నాను. ఫ్యాక్టరీకి వెళ్ళి అడిగాను కూడా. పాపను చూసేవారెవరన్నారు. పిల్లల కేంద్రం జబ్బు వల్ల మూసి ఉంది. తెరిచిన రోజే పనిలో చేరతాను. ఆయన పట్టిన కత్తి పట్టుకోమన్నా పట్టుకుంటాను.

6. ఉత్తర్వు వచ్చినప్పుడు టీచరమ్మ మా ఇంటికి వచ్చి చదివి వినిపించారు. అమ్మ అంతా విని, "అయితే నేను బతికుండబట్టే దీనికి ఇవ్వలేదా?" అంది.

"అలా కాదు పిన్నీ..."

"చచ్చిపోయిందని చెప్పకపోయావటే, మొద్దూ! ఫోనులో నేను కనబడతానా ఏం?"

"తప్పు పిన్నీ, సర్కారుకి అబద్ధం చెప్పకూడదు."

"ఎన్నాళ్ళు అబద్ధంగా ఉంటుందిలే. కాస్త ఓపిక పడితే నిజమవుతుంది."

టీచరమ్మ నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట అన్నప్పటి నుంచి అమ్మ మందుబిళ్ళలు సగమే వేసుకుంటోందని తరువాత కనిపెట్టాను. ఇప్పుడు నేనే వేస్తున్నాను. మింగిందాకా కూర్చుంటున్నాను.

ఈ దేశపు లెక్కలో ఇల్లు గడిపినవాడే పెద్ద అని, అప్పీలులో నా భర్త పేరు రాస్తే చాలని టీచరమ్మ వివరించారు. రాయలేకపోయాను. అమ్మ ఎదురుగా కూర్చుని ఉండగా ఇంటి పెద్ద పోయారని రాస్తే, ఇల్లు అమ్మ చేతుల్లోంచి లాక్కున్నట్టు ఉంటుంది. రాయకపోతే ఇల్లే ఉండదు. మూడు రోజులు కాగితం అలాగే ఉంది. గడువు ఎల్లుండితో అయిపోతుంది.

ఈ రోజు పొద్దున్న అమ్మ తడుముకుంటూ బల్ల దగ్గరికి వచ్చి, "నీ చేత కాదు గానీ, నేను చెబుతాను రాయి" అంది. ఆవిడ చెప్పినది చెప్పినట్టే రాసి, వేలిముద్ర వేయించాను:

"నేను నో పోలా. నా వయసు నాకు తెలీదు, మీ కాగితాల్లో అరవై ఎనిమిదని రాసుకున్నారు. ఈ ఇంట్లో బియ్యం మా అల్లుడు తెచ్చాడు. మంచు పడితే నేను జారిపోతానని, పనికి పోయేముందు మెట్ల మీద మంచు ఎత్తిపోసి పోయేవాడు. నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. దారి పొడుగునా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మర్యాద తెలిసినవాడు. వాడు నన్ను పెద్దని చేసి కూర్చోబెట్టాడు కాబట్టి నేను పెద్దనయ్యాను. లేకపోతే పరాయి దేశంలో కళ్ళు కనబడని ముసలిదాన్ని, అంతే. ఈ ఇంటి పెద్ద సో తామ్లా. వాడు పోయాడు. ఇక మా పిల్లకి ఇవ్వవలసింది ఇవ్వండి."

ఆయన పేరు అమ్మ నోట రావడం ఇదే మొదలు.

7. కావున ఇంటి పెద్ద ఎవరన్న ప్రశ్నకు జూలై 9న నేనిచ్చిన జవాబును రద్దు చేసి, నా భర్త సో తామ్లా ఈ ఇంటి పెద్దయని, వారు మే 2న కోవిడ్ వల్ల మరణించారని, ఇంటి భారం నా మీద పడినదని నమోదు చేసి, నెలాఖరులోగా భృతి మంజూరు చేయ ప్రార్థన. మళ్ళీ ఫోను చేస్తే ఈసారి సరిగా చెబుతాను. గట్టిగా కూడా చెబుతాను.

ఈ నాలుగు మాటలూ దయతో చిత్తగించవలెనని వేడుకుంటూ,

తమ విధేయురాలు
నో దాకూ

తాజా కలం: అమ్మ వేలిముద్ర వేసిన కాగితం విడిగా పెట్టాను. విచారణ అయ్యాక, నాకు భృతి ఇచ్చినా ఇవ్వకపోయినా, దయచేసి దాన్ని తిప్పి పంపండి. జిరాక్సు వద్దట, వేలిముద్ర వేసినదే కావాలట. అందులోని మాటలు ఆయన సమాధి దగ్గర నేను చదవాలని అమ్మ కోరిక. స్టాంపు అంటించిన కవరు జతచేశాను. వచ్చే నెల మేము ఎక్కడ ఉంటామో తెలియదు కనుక, కవరు మీద టీచరమ్మ ఇంటి చిరునామా రాశాను.